ఏడో నిమిషం

బర్గర్ల దుకాణంలో ఆమెను అందరూ గడియారం అని పిలిచేవారు. పదకొండేళ్లుగా ఆమె నిలబడేది మరిగే నూనె ముందే. వేయించిన బంగాళాదుంప ముక్కలు ఏడు నిమిషాల్లో అమ్ముడుపోకపోతే చెత్తబుట్టలో పడాలన్నది అక్కడి నియమం. ట్రే పక్కన చిన్న టైమరు ఉంటుంది. అది కూతపెట్టగానే దగ్గరున్నవాళ్లు ట్రే ఎత్తి పారబోయాలి. ఆమెకు ఆ కూతతో పనిలేదు. అది మోగే సరికే ఆమె చెయ్యి ట్రే మీద ఉండేది.

"మన గడియారానికి కీ ఇచ్చేదెవరో" అని కౌంటరు దగ్గర పిల్ల వేళాకోళమాడితే, "కీ ఎందుకే, కాస్త నూనె పోస్తే చాలు" అనేది.

చేరిన కొత్తలో ఆ చెయ్యి ఇలా ఉండేది కాదు. పొగలు కక్కుతున్నదాన్ని పారబోయడానికి ఆమెకు ప్రాణం ఒప్పేది కాదు. పని నేర్పిన ముసలి వంటవాడు ఒక కిటుకు చెప్పాడు.

"దానివంక చూడకమ్మా. చూస్తే జాలేస్తుంది, చెయ్యాగిపోతుంది. ఇంకేదైనా మాట్లాడుకుంటూ కానిచ్చెయ్."

పారబోశాక ఎవరూ ఏరుకు తినకుండా పైన గిన్నెలు తోమే సబ్బు గుమ్మరించాలి. అది కూడా చూడకుండానే. నెల తిరిగేసరికి అలవాటైపోయింది. ఈ పూట ఎన్ని ట్రేలు పారేశావని అడిగితే చెప్పలేకపోయేది. దాచడం కాదు, నిజంగానే గుర్తుండేది కాదు.

ఇంట్లో అమ్మ ఉంది. పక్షవాతం వచ్చి మాట పడిపోయి రెండేళ్లయింది. పెళ్లయిన చెల్లెలు వీలున్నప్పుడు వచ్చి పోతుంది. రెండు పూటలా కూరగాయలు ఉడికించి, మెత్తగా మెదిపి, చెంచాతో పెట్టేది ఆమే. ఒక్కో చెంచా మింగడానికి అమ్మకు చాలాసేపు పట్టేది.

ఆ ఏడాది అమ్మ చిక్కిపోవడం మొదలైంది. ముందు వేలి ఉంగరం జారిపోయి పరుపులో దొరికింది. తర్వాత బుగ్గలు లోపలికి పోయాయి. డాక్టరు చేయాల్సిన పరీక్షలన్నీ చేసి, జబ్బేమీ కనపడట్లేదన్నాడు. ఇలాగే తగ్గిపోతే రెండు నెలలు కూడా కష్టమన్నాడు. తిండి సరిగ్గా తింటోందా అని అడిగాడు.

"పళ్లెం ఖాళీ చేస్తుందండీ, రోజూ" అని ఒట్టేసి చెప్పింది. ఆమె అబద్ధమాడలేదు. రోజూ ఖాళీ పళ్లెం తుడిచి బోర్లించేది తన చేతులే కదా.

ఒక్కటి మాత్రం వింతగా ఉండేది. ఆమె చెంచా పట్టుకుని మంచం మీద కూర్చోగానే అమ్మ కళ్లు గోడ మీది గడియారం వైపు తిరిగేవి. మళ్లీ చెంచా వైపు. మళ్లీ గడియారం వైపు. పాపం, పొద్దుపోవడం లేదేమో అనుకుంది.

డాక్టరు మాట విని చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. వచ్చిన మర్నాడు చెత్త పడేసి వస్తానని వెళ్లి, ముఖం పాలిపోయి తిరిగొచ్చింది. ఏమైందంటే ఏం లేదంది. మధ్యాహ్నం అక్క అమ్మకు తినిపిస్తుంటే పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది.

చెల్లెలు పక్కనుండేసరికి ఆమెకు హుషారొచ్చింది. కొత్త బూట్లేసుకొచ్చిన మేనేజరు నూనె మీద జారి ఎలా చతికిలబడ్డాడో చెప్పసాగింది. అందరూ నవ్వకుండా పళ్లు బిగబట్టుకున్న సంగతి దగ్గరికొచ్చేసరికి ఆమె చేతిలో తడి పళ్లెం ఉంది, రెండో చేతిలో గుడ్డ ఉంది.

"శుభ్రంగా తినేసింది" అంటూ అమ్మ మూతి తుడిచింది.

"ఎవరు తిన్నారక్కా?"

చెల్లెలి గొంతు మరీ మెల్లగా ఉంది.

"అమ్మే. ఇంకెవరు?"

"ఆరు చెంచాలు పెట్టావు. లేచి వెళ్లి పళ్లెం చెత్తబుట్టలో బోర్లించావు. పైన సబ్బు పోశావు. మేనేజరు కథ మాత్రం ఆపలేదు. నా వంక చూసి నవ్వుతూనే ఉన్నావు."

పిచ్చిదానా అని కసురుకుని ఆమె వంటగదిలోకి వెళ్లింది. బుట్ట మూత తీసింది. మెదిపిన కూర ఇంకా ఆవిరి కక్కుతోంది. దాని మీద నురగ బుడగలు ఒక్కొక్కటే చిట్లుతున్నాయి.

మర్నాడు తనను ఆ చోటు నుంచి మార్చమని మేనేజరును అడిగింది. ఆయన తెల్లబోయాడు. ఆమె చేతులను వీడియో తీసి అన్ని బ్రాంచీల్లో కొత్తవాళ్లకు చూపించి పని నేర్పుతున్నామని, అంత మంచి చెయ్యి మరొకటి లేదని గర్వంగా చెప్పాడు. ఆమె టోపీ తీసి బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఇప్పుడు చెల్లెలే తినిపిస్తోంది. పూటకు నలభై నిమిషాలు పడుతోంది. ఆ కాసేపూ ఆమెను గదిలోకి రానివ్వదు. అమ్మ బుగ్గలు కాస్త తేరుకున్నాయని చెల్లెలు చెబితే, చూడాలనిపించి తొమ్మిదో రోజు ఆమె రెండు చేతులూ చంకల్లో బిగించుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది.

అమ్మ తలెత్తి ఆమెను చూసింది. చూస్తూనే గబగబా నమలడం మొదలుపెట్టింది. నోట్లోది మింగకముందే ఇంకో చెంచా కోసం నోరు తెరిచింది.

"మెల్లగా అమ్మా, ఎవరూ తీసుకుపోరు" అంటోంది చెల్లెలు.

ఆమె గుమ్మంలోంచి వెనక్కి తప్పుకుంది.