గులాబీ కాయలకు కట్టిన దారాలు

ఎల్లారెడ్డిలో మా పెరటి గులాబీల్లో ఏ కాయకు తండ్రి ఏదో మా ఆయన నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. పెళ్లై ఆరేళ్లు దాటినా పిల్లలు లేని ఇంట్లో ఆ ముచ్చట వింటుంటే నాకు ఒళ్లు మండేది.

ఆయన తహసీలు కచేరీలో గుమాస్తా. మా నాటు గులాబీ ఎంత ఎండనైనా తట్టుకుంటుంది కానీ పువ్వు చిన్నది. కామారెడ్డి స్టేషను తోట నుంచి తెచ్చిన సీమ గులాబీలు పెద్దగా పూసి, ఎండాకాలం రాగానే మాడిపోయేవి. రెండింటినీ కలిపి ఎండకు ఓర్చే పెద్ద పువ్వు పుట్టించాలని ఆయన పంతం. పొద్దున్నే స్నానం చేసి, నాటు పువ్వు రేకులు తుంచి, సీమ పువ్వు పుప్పొడిని కోడి ఈకతో అద్దేవారు. తెల్ల గులాబీదైతే తెల్ల దారం, పసుపు గులాబీదైతే పసుపు దారం కాడకు కట్టేవారు. పైవాళ్లకు తండ్రెవరో చూపే ఆనవాలు ఆ దారమొక్కటే.

కాయలు ముదిరేవేళ ఆయన కచేరీ పని మీద ఊళ్లు తిరగడానికి వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు హైదరాబాదు సర్కారు తోటల సాహెబును వెంటబెట్టుకొస్తానన్నారు. తల్లీ తండ్రీ కచ్చితంగా తెలిసిన గింజలైతేనే సాహెబు తీసుకుంటాడట.

ఈలోగా పక్కింటి అవ్వ, మా పెరటి బావికి నీళ్లకొచ్చే ఆడవాళ్లు మా చెట్టుకు పసుపులో ముంచిన దారాలు కట్టడం మొదలుపెట్టారు. నేను చూస్తూనే ఉన్నాను. వద్దంటే, "ఎందుకు వద్దు బిడ్డా?" అంటారు. ఏమని చెప్పను? బిందె ఎత్తుకుని లోపలికి పోయాను.

సాహెబు వచ్చేసరికి ప్రతి కాయకూ పసుపు దారమే. తెల్ల దారం మీద కూడా పసుపు దారం కట్టడంతో, తెల్లదానికీ పసుపు అంటుకుంది. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు కట్టిండ్రు గివన్నీ?" అని అరిచారు.

నేను తలుపు చాటునే ఉండిపోయాను. అవ్వ గోడ మీంచి జవాబిచ్చింది. "మేమే కట్టినం సారూ! నీ ఇంటామెకు కడుపు పండాల్నని. తానం చేసొచ్చి నువ్వు కడుతుంటే చూసే గద, మేం గూడ మొక్కుకున్నం."

పరాయి మగవాడి ముందు, అంత గట్టిగా! సిగ్గుతో చచ్చిపోయాను. సాహెబు దస్తీతో నవ్వు దాచుకుని, మళ్లీ ఎప్పుడైనా చూద్దామని బండెక్కాడు. మా ఆయన ఏళ్ల కష్టం అట్లా నవ్వులపాలైంది. నా వల్లే.

ఆయన కత్తెర తెచ్చి దారాలన్నీ కత్తిరించసాగారు. కింది కొమ్మ దగ్గరికి వచ్చేసరికి నేను ఉండబట్టలేక బయటికొచ్చాను. అక్కడ ఒక కాయకు పసుపు దారంతో పాటు ఎర్ర పీలిక కూడా ఉంది.

"గదొక్కటి ఉండనీయుండ్రి."

"ఎందుకు?"

"గది నేను కట్టిన."

కత్తెర చప్పుడు ఆగింది. తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను.