పాలు లేని పెరుగు

మొన్న రాయికోడ్ నుంచి జహీరాబాద్ వచ్చే బస్సులో నా పక్కన ఒక అవ్వ కూర్చుంది. ఒళ్లో చిన్న గంప, దాని మీద తడిగుడ్డ. బస్సు కదిలిన కాసేపటికే ముందు సీట్లోని పెద్దమనిషి ముక్కు ఎగబీలుస్తూ వెనక్కి తిరిగాడు. "పొద్దుపొద్దుగాల్నే ఎవరు తాగి ఎక్కిన్రు?" అన్నాడు. అవ్వకు ఎక్కడలేని కోపం వచ్చింది. గుడ్డ తీసి గంపను ఆయన ముక్కు కిందికి జరిపింది. "ఇప్పపువ్వు బిడ్డా! తాగుడు నీ మతిల ఉంది, నా గంపల లేదు" అంది. బస్సంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. తియ్యగా, కొంచెం పులిసినట్టుగా ఉండే ఆ వాసన తగిలితే అందరికీ సారా గుర్తుకొస్తుంది. నాకు గిరిజక్క గుర్తుకొస్తుంది.

గిరిజక్క మా జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన చిన్న బేకరీ నడిపిన మనిషి. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆమె భర్త బసప్ప సేటే గానీ, బట్టీ, పిండి, పాకం అన్నీ ఆమె చేతిలోనే ఉండేవి. వాళ్లది బీదర్ వైపు కుటుంబం. ఇంట్లో గుడ్డు ముట్టరు కాబట్టి బేకరీలో కేకు కూడా గుడ్డు లేనిదే. అక్క చక్కగా తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ, నమ్మలేని మాట వింటే మాత్రం "హౌదా?" అని కన్నడంలోకి జారిపోయేది. పోయినేడు కాలం చేసింది. ఆ వంటగది ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. వంట చేయడం మా అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. గిరిజక్క దగ్గర నేర్చుకున్నది వేరే ఉంది, అది చెప్పాలంటే ముందు నా నోటి గురించి చెప్పాలి.

కోహీర్ దగ్గర సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టాను. పుట్టుకతోనే నోరు ఆగని పిల్లని. మా వైపు ఎవరైనా ఏదైనా వండి పెడితే తిని "మంచిగుంది" అనాలి. ఉప్పు లేకపోయినా మంచిగుంది, మాడినా మంచిగుంది. అది మర్యాద. ఆ మర్యాద నాకు అబ్బలేదు. పెళ్లయిన కొత్తలో ఆడబిడ్డ చేసిన పులుసు తిని "చింతపండు ఎక్కువైంది వదినా" అన్నానని మా అత్త ఏడాదంతా దెప్పిపొడిచింది. "దీని నోటికి తాళమెయ్యాలె" అనేది. ఆ నోటితోనే ఒకరోజు బేకరీకి వెళ్లి, కొన్న బిస్కెట్ ఒకటి అక్కడే కొరికి, "సేటూ, ఓము మాడింది, చేదొస్తుంది" అన్నాను. నలుగురు గిరాకీల ముందు! బసప్ప సేటు మొహం మాడిపోయింది. లోపలి నుంచి పరదా తొలగించుకుని ఒకామె వచ్చింది. బొట్టు నిండుగా, చేతులకు మోచేతుల దాకా పిండి. ఇక నాకు తిట్లు తప్పవనుకున్నాను.

"హౌదా? చేదు మొదట్ల వస్తుందా, ఎనక వస్తుందా?" అని అడిగింది.

"మింగినంక వస్తుందక్కా. నాలుక మీద అట్లనే ఉంటుంది."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "రేపటి సంది పనికొస్తవా?" అంది. మా అత్తకు చెబితే నమ్మలేదు. దీని నోటికి పని ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారా అని ముక్కున వేలేసుకుంది.

నన్నెందుకు పెట్టుకుందో కొన్నాళ్లకు అర్థమైంది. బట్టీలో నానకటాయి బిస్కెట్లు మాడుతున్నాయి. గది నిండా వాసన. ఆమె బట్టీ ముందే నిలబడి తాపీగా పిండి కలుపుతోంది. "అక్కా, మాడుతున్నయ్!" అని అరిచి తట్ట బయటికి లాగాను. నల్లటి నానకటాయిల వైపు చూసి అక్క అక్కడే పీట మీద కూలబడింది. ఆ కరోనా జ్వరం తగ్గాక తనకు వాసన తెలియడం లేదని అప్పుడు చెప్పింది. నాలుకకు తీపి, పులుపు, ఉప్పు, చేదు తెలుస్తాయి, అంతే. ఏలకులు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే.

"సేటుకు చెప్పలేదా?"

"చెప్తే నన్ను బట్టీ కాడికి రానియ్యడు. కూసో, ఆరాం తీస్కో అంటడు. ఇది లేకుంటే నేనేం చెయ్యాలె సావిత్రీ? గోడకు వేసిన ఫోటో లెక్క కూసోవాల్నా?" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "అందరు మంచిగుంది అంటరు. ఎవరిని నమ్మాలె? నీ నోరొక్కటే నిజం చెప్తది. జర నా ముక్కు నువ్వై ఉండు."

అంతవరకు నా నోటిని ఒక్కరు మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆ రోజు ఇంటికి ఎట్లా నడిచి వచ్చానో నాకే తెలియదు, అంత సంబరం!

కర్డ్ సంగతి ఆ తర్వాతి ఎండాకాలంలో మొదలైంది. బొంబాయి వైపు పోతున్న కారు ఆగింది. అందులోంచి దిగిన ఒకామె రొట్టె కొని, "లెమన్ కర్డ్ ఉందా?" అని అడిగింది. బసప్ప సేటు ఎంతో మర్యాదగా లోపలికి వెళ్లి, గిన్నెలో గడ్డపెరుగు వేసి, పైన నిమ్మకాయ బద్ద పెట్టి తెచ్చి ఇచ్చాడు. ఆమె పాపం నవ్వు ఆపుకోలేకపోయింది. అది పెరుగు కాదని, నిమ్మరసం, చక్కెర, వెన్న, గుడ్డు కలిపి సన్నటి సెగ మీద చిక్కబరుస్తారని, రొట్టెకు రాసుకుంటారని మాకు విడమరిచి చెప్పింది. కారు వెళ్లిపోగానే నేను పరుగున లోపలికి పోయి అక్కకు చెప్పాను.

"పాలు లేని పెరుగా? హౌదా? ఆమె పాల సంగతి మర్సిపోయినట్టుంది" అంది అక్క. నేను చెప్పినా వినదే! వెచ్చటి పాలలో నిమ్మరసం పోసింది, చక్కెర వేసింది, చెంచాడు పెరుగు తోడు కూడా వేసింది. పాలు ఠక్కున విరిగి నీళ్లు నీళ్లయ్యాయి. ఇద్దరం ఆ గిన్నెలోకి తొంగిచూసి పొట్ట పట్టుకుని నవ్వాం. "పేరు పెరుగని పెట్టి ఇంత మోసమా!" అని ఆ కారామెను తిట్టిపోసింది.

కానీ ఆ పదార్థం ఆమెను వదల్లేదు. ఎందుకో నాకు తర్వాత చెప్పింది. "మైసూర్‌పాకు చేస్తే పాత వాసన యాదికొస్తది, నోట్ల మాత్రం రాదు. పానం ఉసూరుమంటది. ఎన్నడు తిననిదైతే ఆ బాధ లేదు గద. పోల్చుకుందామంటే యాదే ఉండదు." అప్పుడే, ఆ కర్డ్‌లో వేయడానికి నాకు ఇప్పపువ్వు తోచింది. చిన్నప్పుడు చేనుగట్టు మీద ఏరుకుని తిన్నదాన్ని. అక్క మాత్రం దాని ముఖం ఎరగదు. వాళ్ల ఇంట్లో ఇప్పపువ్వంటే సారాయే, గుమ్మం తొక్కనివ్వరు. "అట్లైతే అదే కావాలె" అంది, దొంగతనానికి పోతున్న పిల్లలాగా కళ్లు మెరిపిస్తూ.

తెల్లవారకముందే ఆటో మాట్లాడుకుని చిరాగ్‌పల్లి అవతల మాకు తెలిసినవాళ్ల చేనుకు వెళ్లేవాళ్లం. ఇప్పపువ్వును కోయరు. రాత్రంతా రాలి ఉంటుంది, ఎండ ఎక్కకముందే ఏరాలి. అక్క చీర కుచ్చిళ్లు దోపుకుని, నడుం వంచి, రాళ్ల మధ్య నుంచి ఒక్కొక్కటే తీసేది. మా ఇంటికి తెచ్చి, కడిగి, లోపలి కేసరాలు గిల్లేసి, కరిగించిన వెన్నలో నానబెట్టేవాళ్లం. గుడ్డుకు బదులు మక్కపిండి, అదే కార్న్‌ఫ్లోర్. నీళ్లు మరిగే గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి, నిమ్మరసం, చక్కెర, నీళ్లలో కలిపిన మక్కపిండి అందులో పోసి, గరిటె ఆపకుండా తిప్పాలి. చిక్కబడుతుంటే వడకట్టిన ఆ వెన్న కలపాలి. ఒకసారి ఉండకట్టింది, ఒకసారి జారుగా మిగిలింది, ఒకసారి పిండివాసన పోలేదు. నేను ఏదీ దాచలేదు. ప్రతిసారీ ఆమె "హౌదా? మళ్ల చేద్దాం" అనేది.

అంతలో అక్కకు వాసన తెలియదన్న సంగతి బసప్ప సేటుకు తెలిసిపోయింది. ఒకరోజు గ్యాసు లీకై గదంతా కమ్ముకుంటే, అక్క తెలియక అగ్గిపెట్టె తీసింది. సేటు సమయానికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. బీదర్ నుంచి కూతురు విజయను పిలిపించాడు. తండ్రీకూతుళ్లు ఒకటే మాట: ఇక చాలు, బట్టీ జోలికి రావద్దు. వాళ్ల భయం తప్పని నేను అనను. ఆ మనిషి మీద వాళ్లకున్నది ప్రేమే. అక్క వాదించలేదు. "ఒక్కపారి ఆ నిమ్మకాయది చేస్త. తిని మీరే చెప్పున్రి" అంది.

ఆ సాయంత్రం ఆమె చేస్తుంటే ఎవరినీ సాయం పట్టనివ్వలేదు. చల్లారాక రొట్టె ముక్కల మీద రాసి అందరికీ పెట్టింది. బసప్ప సేటు తిన్నాడు. "మంచిగుంది గిరిజా" అన్నాడు. విజయ అమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసి, "శానా మంచిగుందమ్మా" అంది. పదవీ విరమణ రోజున మెడలో దండ వేసి మంచిమాటలు చెబుతారే, అట్లా ఉన్నాయి ఆ మాటలు. మంచిగుంది అంటే ఇక అయిపోయింది, ఇక లేచి వచ్చి కూర్చో అని.

అక్క వాళ్ల వైపు చూడలేదు. నా వైపు చూసింది.

నా నోరు మొట్టమొదటిసారి తడబడింది. ఆ ఒక్క పూట మంచిగుంది అంటే నా సొమ్మేం పోతుంది? ఆమె ఆఖరి వంట తృప్తిగా ముగుస్తుంది గదా! కానీ ఆ కళ్లు తృప్తి కోసం చూడటం లేదు.

"మంచిగ లేదక్కా" అన్నాను. "పులుపు సరిపోయింది, చిక్కదనం సరిపోయింది. పువ్వు వాసన మాత్రం లేదు. వెన్న పొయ్యి మీద ఉండంగనే పోసినవు. సెగకు ఉడికిపోయింది."

విజయ అగ్గిమీద గుగ్గిలమైంది. "ఇప్పుడు గా మాట అవసరమా? జర మనసుండాలె!" అంది. సేటు తల దించుకున్నాడు. అక్క మాత్రం పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ల నుంచి నీళ్లు కారాయి. "విన్నవా?" అంది భర్తతో. "మంచిగ లేదంట. ఎట్ల కూసోమంటవు? మళ్ల చెయ్యాలె గద!"

సేటు పొయ్యి దగ్గరికి వెళ్లి గ్యాసు పైపు తడిమి చూశాడు. చివరికి, "ఒంటిగ చెయ్యకు. సావిత్రి ఉన్నప్పుడే పొయ్యి ముట్టియ్యి" అన్నాడు. అదే ఒప్పందం. పోయేదాకా ఆమె బట్టీ ముందే ఉంది, నేను పక్కనే ఉన్నాను.

మర్నాడే మళ్లీ చేనుకు పోయాం. ఈసారి గిన్నె దింపి, సెగ తగ్గాక వెన్న పోసింది. చెంచాతో తీసి ముందు నా నోట్లో పెట్టింది. నేను మింగే దాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడింది.

"వచ్చిందక్కా" అన్నాను.

ఆమె నమ్మింది. నిన్న మంచిగ లేదన్న నోరు గనుక నమ్మింది. వాళ్లెంత ప్రేమగా చెప్పినా నమ్మలేనిది, నేను ఒక్క మాట అంటే నమ్మింది. తర్వాత ఇంకో చెంచా తీసి తన నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆమెకు తెలిసేది పులుపూ తీపీ మాత్రమే.

"ఎట్లుందో చెప్పు" అంది.

"ముందుగాల నిమ్మకాయ కొడ్తది అక్కా. అది పోయినంక మెల్లగ పువ్వొస్తది. ఎండల ఆరబెట్టిన ద్రాక్ష లెక్క, పొద్దుగాల తడిసిన మట్టి లెక్క..."

"ఇంక?"

"గొంతు దిగినంక గూడ ముక్కుల ఉంటది. పోదు."

"ఇంక?"

చెప్పాను. మాటలు అయిపోతే వెతుక్కుని చెప్పాను, అంతవరకు నేను ఏ వంట గురించీ అన్ని మాటలు మాట్లాడి ఎరగను. ఆమె కళ్లు మూసుకునే, నోట్లో చెంచా అట్లాగే పెట్టుకుని, తల ఊపుతూ తింటూ ఉంది. ఈరోజుకీ కొత్తది ఏదైనా చేసి మొదటి చెంచా నోట్లో పెట్టుకుంటే నేను ఊరికే మింగలేను. అది ఎట్లా ఉందో, ఏం తక్కువైందో, ఉన్నదున్నట్టు పైకే చెబుతాను. వంటగదిలో ఎవరూ లేకపోయినా చెబుతాను.