గంజి వదిన తెల్లబట్టల సమ్మె

మా వదినను వీధంతా గంజి వదిన అంటారు. ఆవిడ గంజి పెట్టిన చొక్కా లోపల మనిషి లేకపోయినా నిటారుగా నిలబడుతుందని పేరు. రాజకీయాల్లో ఉన్నవాళ్ళకు అలాంటి చొక్కాలే కావాలి కాబట్టి, ఊళ్ళో రెండు పెద్ద పార్టీల బట్టలూ ఆవిడ లాండ్రీకే వచ్చేవి. ఒక పార్టీవి ఎడమ అరలో, ఇంకో పార్టీవి కుడి అరలో పెట్టి, రెండింటినీ ఒకే తొట్టిలో ఉతికేది.

"నీళ్ళకు పార్టీ ఏముంది మరిదీ?" అనేది.

మరిది అంటే నేనే. గ్రంథాలయంలో గుమాస్తాను. మా అన్న మాట తక్కువ మనిషి. వెనక బాయిలరు దగ్గర తన పనేదో తాను చూసుకుంటాడు. కౌంటరు దగ్గర మాటంతా వదినదే. ఆ కౌంటరుకు మా నాన్న కాలం నుంచీ ఒక నియమం ఉంది. మరక పడిన బట్ట వస్తే "దేనిది?" అని అడగాలి. "ఎలా పడింది?" అని మాత్రం అడగకూడదు. సిరాకు ఒక మందు, నూనెకు ఒక మందు, నెత్తురుకైతే చన్నీళ్ళు. ఎలా పడిందన్నదానికి ఏ మందూ లేదు. పైగా అది అడిగితే ఆ గిరాకీ మళ్ళీ మన గుమ్మం తొక్కదు.

మా వీధిలో లాండ్రీలు పదకొండు. అన్నింటికీ ప్రాణం ఒకే నీళ్ళ లైను. ఎన్నికల ప్రకటనకు వారం ముందు మునిసిపల్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఊరి చివర కడుతున్న రిసార్టుకు నీళ్ళు మళ్ళిస్తున్నందువల్ల, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మా వీధికి రోజు విడిచి రోజు, గంటసేపే నీళ్ళు. గంట నీళ్ళతో లాండ్రీ నడపడమంటే ఉమ్మితో ఊరు తడపడమే. పదకొండు దుకాణాలకూ తాళాలు పడ్డట్టే లెక్క.

వదిన చెబుతుంటే నేను తొమ్మిది అర్జీలు రాశాను. మునిసిపల్ ఇంజనీరుకు అయిదు. మూడుసార్లు గెలిచి నాలుగోసారి నిలబడిన పెద్దాయనకు రెండు. ఆయన మీద పోటీ చేస్తున్న కాలేజీ యజమానికి రెండు. తొమ్మిదింటికీ వచ్చిన జవాబు ఒక్కటే: "పరిశీలిస్తాం."

సరిగ్గా అప్పుడే ఆ ఫోటో బయటపడింది. పెద్దాయన ఏదో విందు నుంచి బయటికొస్తున్న ఫోటో. కాలరు మీద అరంగుళం ఎర్రమరక. ఇక చూడండి, ఊరికి పూనకం వచ్చింది. టీవీలో ఆ కాలరును దుప్పటంత చేసి చూపించారు. లిప్‌స్టిక్ అని ఒకరు, కాదు సాస్ అని ఇంకొకరు. ఒక చానెలైతే రంగుల నిపుణుణ్ణి కూడా కూర్చోబెట్టింది. కాలేజీ యజమాని సభ సభలోనూ తన కాలరు ఎత్తి చూపించేవాడు. పెద్దాయన గుండె మీద చెయ్యేసుకుని కన్నీళ్ళు పెట్టుకునేవాడు. ఆస్పత్రి, రోడ్లు, బడి, మా నీళ్ళు అన్నీ కలిసి ఆ అరంగుళం కింద దూరిపోయాయి.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పుకోవాలి. టీకొట్టు దగ్గర నలుగురు ఆ మరక గురించి కొట్టుకు చస్తుంటే నా నోరు ఊరుకోలేదు. "ఆ చొక్కా ఉతికింది మా వదినే," అన్నాను. అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. నలభై ఏడేళ్ళ జీవితంలో అంతమంది నా మాట కోసం చెవులు నిక్కబొడుచుకోవడం అదే మొదలు. ఎవరో రెండో టీ కూడా ఇప్పించారు. తెల్లారేసరికి లాండ్రీ ముందు మూడు కెమెరాలు.

"నీ నోటికి కుట్లు వేయించాల్సింది మరిదీ, చిన్నప్పుడే," అంది వదిన. నేను ఇస్త్రీ మడతలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

ముందున్న విలేకరి అమ్మాయి మైకు చాపింది. "అమ్మా, అది లిప్‌స్టిక్కేనా?"

"మీ చున్నీ మీదున్నది సిరా కదూ? నిమ్మకాయా ఉప్పూ రుద్దండి, పోతుంది."

"అది కాదమ్మా, నేనడిగింది..."

"వినబడింది. మా వీధికి నీళ్ళు ఆపేస్తున్నారు. అది రాసుకున్నారా?"

"దానికి టైము ఇవ్వరమ్మా," అంది ఆ పిల్ల, నిజంగానే నొచ్చుకుంటూ. "మా ఆఫీసు వాళ్ళు కాలరే అడిగారు."

కెమెరాలు అటు వెళ్ళగానే పెద్దాయన సెక్రటరీ ఇటు వచ్చాడు. "అక్కా, టమాటా సాస్ అని ఒక్క ముక్క అనండి. కొత్త బాయిలరు పెట్టిస్తాం."

"అందులో ఏం పోసి కాచమంటారు? మీ ఉపన్యాసాలా?"

మధ్యాహ్నం కాలేజీ యజమాని బావమరిది దిగాడు. "వదినగారూ, లిప్‌స్టిక్ అంటే చాలు. గెలిచాక మీ నీళ్ళ సంగతి మా బావ చూసుకుంటాడు."

"గెలవకముందు చూస్తే కళ్ళు పోతాయా? ఇంకోమాట, నన్ను వదిన అనకండి. వరస కలిపినవాళ్ళంతా ఊరికే ఉతికించుకుంటున్నారు." ఆ చివరి వాక్యం నన్ను చూస్తూ అంది.

కానీ ఇద్దరినీ పంపించే ముందు ఇద్దరికీ ఒకే మాట చెప్పింది. ఆదివారం పొద్దున వ్యాపారుల సంఘం వాళ్ళు అభ్యర్థులిద్దరినీ టౌనుహాల్లో ఒకే వేదిక మీదకి పిలిచారు. అక్కడ మైకు ఇప్పిస్తే అందరి ముందూ చెప్తానంది. ఎవరికి వారు తమ వైపే చెబుతుందనుకుని సంతోషంగా వెళ్ళారు.

"నియమం తప్పుతావా వదినా?" అన్నాను.

"నువ్వు ఆ అర్జీల నకళ్ళు పట్టుకురా చాలు. నోరు మాత్రం ఇంట్లో పెట్టి రా."

ఆదివారం హాలు కిటకిటలాడింది. అన్ని కెమెరాలూ వదిన మీదే. వేదిక మీద పెద్దాయన రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. కాలేజీ యజమాని ముసిముసిగా నవ్వుతున్నాడు. వదిన మైకు పట్టుకుంది. పట్టుకోవడం ఇస్త్రీపెట్టె పట్టుకున్నట్టే పట్టుకుంది.

"మరక ఎలా పడిందో మేం అడగం. అడగనిది చెప్పం. మరక పోయింది, చొక్కా పెద్దాయన ఒంటి మీదే ఉంది, చూసుకోండి. దాన్ని వదిలించడానికి నాలుగు బకెట్ల నీళ్ళు పట్టాయి. ఒకటో తారీఖు నుంచి ఆ నాలుగు బకెట్లు మా వీధిలో ఉండవు. ఇవిగో తొమ్మిది అర్జీలు. ఆ ఆర్డరు రద్దు చేయిస్తారా లేదా? ఇద్దరూ చెప్పండి. ఎవరు ముందు?"

హాల్లో ఎవరో ఈల వేశారు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఇది సాంకేతికమైన విషయం తల్లీ..."

"ఉతకడం కూడా సాంకేతికమేనండీ. మేం చెయ్యడం లేదూ?"

కాలేజీ యజమాని లేచి, "అసలు ఆ కాలరు సంగతి..." అని మొదలుపెట్టాడు.

"మీకూ రెండు అర్జీలిచ్చాను బాబూ. మీ కాలరు కాసేపు దించండి, మెడ నొప్పెడుతుంది."

సంఘం కార్యదర్శి కంగారుపడి మైకు ఆపించేశాడు. పాపం, ముప్పై ఏళ్ళుగా బాయిలరు మోత మీదుగా మా అన్నను భోజనానికి పిలుస్తున్న గొంతు అదని ఆయనకు తెలియదు.

"సరే! కాగితం మీద రద్దు అని వచ్చేదాకా మీ ఇద్దరి తెల్లబట్టలూ మా వీధిలో ఒక్కటి కూడా తడవదు! పదకొండు దుకాణాల్లోనూ!"

అసలు సంగతేమిటంటే, మిగతా పది దుకాణాలకూ ఆ ముక్క ఆవిడ ముందు చెప్పలేదు. వాళ్ళూ మాతోపాటే అప్పుడే విన్నారు. ఎన్నికల నెలంటే మా వీధికి అన్నిటికన్నా ఎక్కువ గిరాకీ ఉండే నెల.  నేను వెనక్కి తిరిగి ఆ పదిమంది ముఖాలూ చూశాను. అప్పుడు నాలుగో వరసలోంచి, కోట్లు తప్ప ఇంకేం ఉతకని ముసలి తాత కర్ర ఆనించుకుని లేచాడు.

"చెప్పకుండా చేసినందుకు నిన్ను తర్వాత తిడతానే పిల్లా. వాళ్ళకు మా దుకాణం కూడా మూసినట్టే."

తర్వాత మిగతావాళ్ళూ ఒక్కొక్కరే లేచారు.

మొదటి రోజు నాయకులు నవ్వారు. రెండో రోజు బట్టలు పక్క ఊరికి పంపించారు; అవి వానలో తడిసిన కాగితాల్లా తిరిగొచ్చాయి. మూడో రోజుకు ఇద్దరి చొక్కాలూ దిండుగలీబుల్లా తయారయ్యాయి. పెద్దాయన నమస్కారం పెడితే చంకల దగ్గర ముడతలు కూడా నమస్కారం పెట్టేవి. టీవీల్లో మరక పోయి ముడతలు వచ్చాయి. ముడతలు ఎందుకొచ్చాయో చెప్పాలంటే నీళ్ళ సంగతి చెప్పక తప్పదు కదా! విలేకరి అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, మా ఆఫీసు వాళ్ళు నీళ్ళ గురించి అడుగుతున్నారు!"

"చొక్కా నలిగితే గానీ దాహం వెయ్యలేదన్నమాట. కూర్చో తల్లీ, మొదటి నుంచీ చెప్తాను."

అయిదో రోజు సెక్రటరీ కాగితం తెచ్చాడు. వదిన నా చేత చదివించింది. "సానుభూతితో పరిశీలిస్తాం" అని ఉంది. మడిచి ఆయన జేబులోనే పెట్టింది.

"మరక అలాగే ఉందండీ. మళ్ళీ ఉతుక్కురండి."

సాయంత్రానికి పెద్దాయన తానే వచ్చాడు, ఇంజనీరును వెంటబెట్టుకుని. ఈసారి కాగితం మీద నంబరు, తేదీ, సంతకం, "రద్దు" అన్న మాట అన్నీ ఉన్నాయి. నేను రెండుసార్లు గట్టిగా చదివాను. వీధిలో పదకొండు గుమ్మాల్లోనూ జనం నిలబడి విన్నారు. పెద్దాయన హమ్మయ్య అని డ్రైవరుకు సైగ చేశాడు. రెండు మూటలు దిగాయి.

"ముందిచ్చినవాళ్ళవి ముందు," అంది వదిన. "టీచరమ్మ చీరలున్నాయి, ఆస్పత్రి దుప్పట్లున్నాయి. మీ వంతు మంగళవారం."

"సోమవారం పెద్ద సభ ఉంది తల్లీ!"

"నలిగినవే వేసుకెళ్ళండి. ఎవరైనా అడిగితే ఎందుకో చెప్పండి."

సోమవారం ఆయన నలిగిన చొక్కాతోనే వేదిక ఎక్కాడు. వదిన, అన్న, నేను జనం మధ్య నిలబడ్డాం. పెద్దాయన చెయ్యెత్తి, మా వీధి పేరు తప్పు పలికి, "ఆ పేద చాకిరీ జనానికి నీళ్ళిచ్చింది ఎవరు? మేమే!" అన్నాడు. చప్పట్లు మొదలవబోతున్నాయి.

"మీరివ్వలేదు!" అని అరిచింది వదిన, మైకు లేకుండానే. "తియ్యబోయి ఆగారంతే! సరిగ్గా చెప్పండి!"

వేదిక మీద ఆయన ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి, ఈసారి వదిన దిద్దినట్టే చెప్పాడు.