గొట్టం లోపలి కళాయి

ఆరోగ్యస్వామికి ఎవర్నీ నమ్మే అలవాటు లేదు. వైమానిక దళంలో రాడార్ మెకానిక్‌గా చేసి వచ్చి, నరసరావుపేటలో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టాడు. భార్య కరుణమ్మ వేసిన తాళాన్ని కూడా మళ్లీ ఓసారి లాగి చూసేవాడు. పాపం, ఆవిడ అలవాటు పడిపోయింది.

కొట్టు వెనక గదిలో సొంతంగా ఒక పని మొదలుపెట్టాడు. రాడార్ పళ్లేన్ని కదపకుండానే దాని చూపు పక్కకు తిప్పాలి. ఒకే తరంగాన్ని రెండు ఇత్తడి గొట్టాల్లోంచి పంపి, ఒకదాంట్లో బేకలైట్ ప్లాస్టిక్ ముక్క జరిపితే అక్కడి తరంగం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాని బట్టి రెండూ కలిసి సాగే దిక్కు మారుతుంది. అది పనిచేస్తే బెంగుళూరులో ఉద్యోగమిస్తామని ఒక ప్రయోగశాల వాళ్లు కబురు చేశారు.

గొట్టాలు చేసింది ఉస్మాన్, గిన్నెలకు కళాయి పూసే మనిషి. ఆరోగ్యస్వామి పక్కనే నిలబడి, తను చెప్పినంతవరకే చేయించుకున్నాడు. తర్వాత వాటిలో వంపు ఉన్న గొట్టం అతుకు ఊడితే మాత్రం, దగ్గరుండకుండా అతనికి ఇచ్చి వచ్చేశాడు. అది తిరిగొచ్చాక లెక్క తప్పింది. ముక్క పెట్టకుండానే తరంగం వెనకబడుతోంది.

అది అరవై ఐదు సెప్టెంబరు. పాకిస్తానుతో యుద్ధం జరుగుతోంది. ఉస్మాన్ తమ్ముడు కరాచీలో ఉన్నాడని ఎవరో అన్న మాట గుర్తొచ్చింది. అంతే, ఉస్మాన్ నవ్వితే ఎందుకు నవ్వాడా అని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదా అని అనుమానం. కొలతలు ఎవరికో చేరవేసి, దీన్ని కావాలనే పాడుచేశాడనుకున్నాడు. హెడ్ కానిస్టేబుల్ చెవిన వేసి, తన పేరు బయటికి రానీయొద్దన్నాడు.

మర్నాడే ఉస్మాన్‌ను పట్టుకుపోయారు. అతని భార్య జుబేదా కొట్టు ముందుకొచ్చి నిలబడింది.

"మిలిట్రీలో చేసినోరు, మీ మాటయితే ఇంటారన్నా. జైల్లో ఏస్తారంట మనిషిని."

ఆరోగ్యస్వామి చేతిలోని రేడియోకి స్క్రూలు బిగిస్తూనే ఉన్నాడు. ఆమె వెళ్లాక, రుజువు చిక్కుతుందని గొట్టాన్ని రంపంతో నిలువునా కోశాడు. వంపు లోపలంతా తెల్లగా మెరుస్తోంది. కళాయి. ఇత్తడి చేతికొస్తే లోపల కళాయి పూయకుండా పంపడు ఉస్మాన్, అది అతని మర్యాద. ఆ ఎగుడుదిగుడు పూత మీద తరంగం తడబడి వెనకబడింది. ఆరోగ్యస్వామికి తన మీద తనకే అసహ్యం వేసింది.

స్టేషనుకు పరుగెత్తి, పొరపాటు తనదేనని హెడ్డుకి చెప్పి విడిపించాడు. ఉస్మాన్ చెంప వాచి ఉంది.

"ఎవడు చెప్పాడో ఏందో స్వామన్నా. నువ్వు రాకపోతే నా బతుకు ఏమయ్యేదో" అన్నాడు ఉస్మాన్, దారిలో.

ఆరోగ్యస్వామి నోరు తెరిచి, "పద, ఇంటికి పోదాం" అని మాత్రం అనగలిగాడు.

కొత్త గొట్టంతో లెక్క కుదిరి ఉద్యోగం వచ్చినా బెంగుళూరు వెళ్లలేదు. పోలీసులకు చెప్పింది తనేనని తెలియకే ఆ రోజు దారిలో ఆ మాట అన్నాడా, తెలిసే అన్నాడా అని బతికినన్నాళ్లూ ఉస్మాన్ ముఖంలోకి చూస్తూనే ఉన్నాడు. ఉస్మాన్ మాత్రం ఎప్పుడు ఎదురైనా బాగున్నావా అన్నా అని అడిగేవాడు.