అడిగితే పోయే బాట

"వెనకొచ్చే లారీవాడికి మనం కనపడకపోతే?"

మేరెడ్ ఈ మాట ఎవరితోనూ అనలేదు, పైకి వచ్చేసిందంతే. సైకిలు వెనక సీట్లో బెల్టు బిగించుకుని కూర్చున్న నాలుగేళ్ళ ఎలన్ మాత్రం "ఏ లారీ, అమ్మా?" అని అడిగింది. జవాబు చెప్పే లోపే ఆ లారీ వచ్చింది. కొండ మీది అడవి నుంచి దుంగలు దింపుకొస్తున్న లారీ. దాని గాలికి సైకిలు ముళ్ళకంచె వైపు ఒరిగింది. తడి రోడ్డు మీద అంత బరువుతో దిగే బండి ఆగడానికి ఎంత దూరం పడుతుందో మేరెడ్‌కు తెలుసు. నదుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఆమె ఉద్యోగం. సైన్సు చదువుకుని ఆమె బాగుపడిందల్లా ఇదే, భయానికి కూడా లెక్కలు కట్టగలదు.

ఆ రోజు వరకూ వాళ్ళు రోడ్డెక్కలేదు. గ్లెసిన్ నది వెంట, రెండు కొండల నడుమ, పాత రైలుకట్ట మీద కంకర బాట ఉంది. బండీ గిండీ రాదు. సైకిళ్ళూ కాళ్ళూ గొర్రెలూ తప్ప ఇంకేమీ ఎరగని బాట. ఆ ఉదయం మాత్రం నది మలుపు దగ్గర గేటుకు కొత్త గొలుసు, కొత్త తాళం ఉన్నాయి. అవతల పచ్చిక బయలును ఆ కట్టతో సహా కొనుక్కున్న డెన్‌జిల్ హంఫ్రీస్ అక్కడ సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దె కుటీరాలు కడుతున్నాడని ఊరంతా చెప్పుకుంటోంది.

పిల్లను బళ్ళో దింపి, వణుకు తగ్గకముందే మేరెడ్ నేరుగా అతని దగ్గరికి వెళ్ళింది.

"హంఫ్రీస్ గారూ, చిన్నపిల్లతో ఆ రోడ్డు మీద వెళ్ళలేకపోతున్నానండీ. మీరు అనుమతిస్తే గేటులోంచి వెళ్తాం."

"అయ్యో, అంతేనా!" అన్నాడతను, నిజంగానే నొచ్చుకున్నవాడిలా. "తప్పకుండా వెళ్ళండి. ఇంత మర్యాదగా వచ్చి అడిగింది మీరొక్కరే, తెలుసా?"

మధ్యాహ్నానికి గొలుసు పోయింది. మర్నాటికి గేటు మీద బోర్డు వచ్చింది: "ఈ దారిలో నడవడానికి యజమాని దయతో అనుమతించడమైనది."

ఆ బోర్డు ముందు సైకిలు పట్టుకుని ఓల్వెన్ ప్రోథరో నిలబడి ఉంది. బడి వంటగదిలో ముప్పాతిక జీవితం బంగాళాదుంపలు ఉడకబెట్టిన మనిషి. మేరెడ్‌కు వండి పెట్టింది, మేరెడ్ తల్లికీ వండి పెట్టింది. ఊళ్ళో అందరికీ ఆంటీయే.

"చూశారా ఓల్వెన్ ఆంటీ," అంది మేరెడ్ ఉత్సాహంగా. "నేనే వెళ్ళి అడిగాను. ఒప్పేసుకున్నాడు!"

ఓల్వెన్ మెల్లగా తల తిప్పింది. "ఏం చేశావ్?"

"అడిగాను..."

"అడిగావా? ఎవత్తివే నువ్వు అడగడానికి? నీ వంటింట్లోకి నువ్వు వెళ్ళడానికి పక్కింటాణ్ణి అడిగొస్తావా? చదువుకున్నావు కదే, చట్టం తెలీదూ? జనం ఇరవయ్యేళ్ళు ఎవర్నీ అడక్కుండా, దొంగచాటుగా కాకుండా, ఏదీ విరగ్గొట్టకుండా ఒక దారిన తిరిగితే అది జనానిది. అడిగావో, ఇచ్చినవాడిది. ఇచ్చినవాడికి తీసుకోవడమెంతసేపు? ఆ కుటీరాలు లేవనీ, అప్పుడు చూద్దువు గాని వాడి దయ!"

"నాకు తెలీదు ఆంటీ. ఎలన్‌కి ఏమన్నా అవుతుందేమోనని..."

"పిల్ల నీకొక్కదానికే ఉందా ఈ లోయలో?"

ఎలన్ ఏడుపు మొదలెట్టింది. ఓల్వెన్ జేబులోంచి ఎండు ద్రాక్ష రొట్టె ముక్క తీసి దాని చేతిలో పెట్టి, తల్లి వైపు చూడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయింది.

ఆమె కోపం ఊరికి కొత్త కాదు. కూరకు ఉప్పెలాగో ఆమె మాటకు కోపం అలాగ. కుక్కల్ని వదిలేసేవాళ్ళ మీద కోపం, బిగుతు నిక్కర్లు వేసుకుని ముసలివాళ్ళ పక్కనుంచి బాణంలా దూసుకుపోయే పట్నం సైకిళ్ళవాళ్ళ మీద కోపం, ఏటా చలికాలంలో కట్టను కోసుకుపోయే నది మీద మరీ కోపం. వాళ్ళ నాన్న ఆ కట్ట మీదే పట్టాలు సరిచేసే పని చేసేవాడు. రైళ్ళు ఆగిపోయి, పట్టాలు ఊడదీసుకుపోయాక అక్కడ మిగిలింది రాళ్ళూ ముళ్ళపొదలూ. ఆ తర్వాత ఒక శీతాకాలం ఆమె తమ్ముడు ఇథెల్‌ను రోడ్డు మీద లారీ కొట్టేసింది. సైకిలు మీద పాలకేంద్రానికి పనికి వెళ్తున్నాడు. సమాధి మీద మట్టి ఆరకముందే ఓల్వెన్ క్వారీ నుంచి తోపుడుబండి నిండా రాతిపొడి తెచ్చి కట్ట మీద కుమ్మరించింది. ఏ ఆఫీసునూ అడగలేదు. మొదట నవ్వారు, తర్వాత ఒక్కొక్కరే బళ్ళు తోసుకుంటూ వచ్చారు. క్రికెట్ మైదానం రోలరును పొట్టి గుర్రం చేత లాగించి కంకర అణిచారు. నది తీసుకెళ్ళిన చోటల్లా వసంతంలో మళ్ళీ పోశారు. బాట అలా అయింది.

ఇదంతా మేరెడ్‌కు వాళ్ళమ్మ ఆ సాయంత్రం చెప్పింది. విన్నకొద్దీ ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ మంట నెమ్మదిగా చోటు మార్చుకుని ఆ బోర్డు మీదకు వెళ్ళింది. దయ! ఎవరి రాళ్ళ మీద ఎవరి దయ?

ఊరివాళ్ళు ఆ బాట జనానిదని నమోదు చేయమని కౌంటీ ఆఫీసుకు అర్జీ పెట్టారు. విచారణకు అక్కణ్ణుంచి ఒకావిడ వచ్చింది. ప్రార్థనామందిరం వెనక గది కిక్కిరిసింది. హంఫ్రీస్ గొంతు పెంచకుండా, నవ్వుతూ మాట్లాడాడు.

"నేనెవర్నీ అడ్డుకోలేదు. కానీ అది నా నేలని వీళ్ళకూ తెలుసు. తెలియకపోతే ఆ అమ్మాయి వచ్చి నా అనుమతి ఎందుకు అడుగుతుంది?"

అందరి తలలూ మేరెడ్ వైపు తిరిగాయి. ఓల్వెన్ తల ఒక్కటే తిరగలేదు. బాట పోతే పోయేది తన వల్లేనని మేరెడ్‌కు ఆ తిరగని మెడ చూస్తేనే తెలిసింది. లేచి నిలబడింది.

"అడిగాను," అంది. "లారీ గాలికి నా పిల్ల పడబోయింది, ఆ వణుకులో అడిగాను. గేటుకు తాళం వేసిందెవరు? మమ్మల్ని రోడ్డు మీదకు తోసిందెవరు? ముందు భయపెట్టి, భయపడి అడిగితే దాన్ని సాక్ష్యం చేసుకుంటారా? ఇదేం మర్యాదండీ హంఫ్రీస్ గారూ? నేను అడిగింది మొన్న. మా అమ్మ నన్ను ఇదే బాటలో బడికి తీసుకెళ్ళింది. ఆమె ఎవర్నీ అడగలేదు. అప్పటి ఆసామి గట్టు మీంచి చెయ్యూపేవాడు, నాకు గుర్తుంది. మీరు తాళం వేయగలిగింది రేపటికి. మేము తిరిగిన ఏళ్ళకు ఎలా వేస్తారు?"

ఆఫీసరు గదంతా కలయజూసింది. "ఈవిడ కాక ఇంకెవరైనా ఎప్పుడైనా అనుమతి అడిగారా?"

"వానను అడిగేవాళ్ళమండీ, కాస్త ఆగమని," అన్నాడు వెనకనుంచి గొర్రెల గ్విలిమ్. "అదీ ఎప్పుడూ ఒప్పుకోలేదు."

గది గొల్లుమంది. హంఫ్రీస్ నవ్వు మాత్రం ఆగింది.

తీర్పుకు నెలలు పడతాయనీ, అందాకా గేటుకు తాళం పడకూడదనీ చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. బయట మేరెడ్ ఓల్వెన్ వెనకాలే పరుగెత్తింది.

"ఆంటీ, క్షమించండి."

"క్షమించను. ఇవాళ బాగానే మాట్లాడావు, అందుకని మొన్నటిది చెరిగిపోతుందా? ఇప్పుడు విను. వాడు తెలివైనవాడు. ఇకనుంచి తాళం వేయడు, తనే గేటు తీసి పట్టుకుని నిలబడతాడు. నువ్వు వెన్నలా కరుగుతావు. బస్సు దిగుతూ డ్రైవరుకు కూడా థాంక్స్ చెప్పే జాతి మనది, నోరు ఊరుకోదు. ఊరుకోబెట్టు. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా వెళ్ళు. వాడు పలకరిస్తే వాన గురించి మాట్లాడు. అడగొద్దు. థాంక్స్ చెప్పొద్దు. నీదైనదానికి థాంక్స్ చెప్పావంటే అది వాడిదైపోతుంది."

ఆమె అన్నట్టే అయింది. సోమవారం ఉదయం హంఫ్రీస్ గేటు బార్లా తీసి, టోపీ ఎత్తి, "రండి రండి, పాప జాగ్రత్త" అన్నాడు. థాంక్స్ అన్న మాట మేరెడ్ నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించింది.

"వాన వచ్చేలా ఉందండీ," అని తొక్కుతూ ముందుకు వెళ్ళింది. తీర్పు ఇంకా రాలేదు. రోజూ ఉదయం ఆమె ఆ గేటు దగ్గర వాన గురించే మాట్లాడుతోంది.