ఒక్క సాలుకి కొట్టిన మందు

నా చిన్నప్పటి ఈ సంగతిని యూనివర్సిటీ క్లాసులో ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ అందులో ఒక అబద్ధం కలిపాను. ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతాను.

గుంటూరు దగ్గర మా ఊళ్లో ఆ ఏడు మిరప తోటకు ఆకుముడత తగిలింది. నాన్నకు దిక్కు తోచలేదు. బజారులో పంచిన కాగితం ఒకటి తెచ్చి చదవమన్నాడు. ఐదో తరగతి వాణ్ణి, గట్టు మీద నిలబడి, ఫలానా మందు కొడితే మూడు రోజుల్లో ముడత పోతుందని గొంతెత్తి చదివాను. నాన్న తోటంతటికీ సరిపడా మందు కలపబోయాడు.

కలుపు తీస్తున్న కూలీల్లోంచి, నేను పెద్దమ్మా అని పిలిచే ఒకామె నడుం పట్టుకుని లేచింది. ఆమెకు అక్షరం రాదు. ఆదివారం చర్చి మాత్రం తప్పేది కాదు.

"ఎవరు రాశారు బాబూ అది?"

"అచ్చులో ఉంది పెద్దమ్మా!" అన్నాను, అదే జవాబన్నట్టు.

"అచ్చేస్తే సరా? మా చర్చి అయ్యగారు దేవుడి మాటైనా సరే, ఏ అధ్యాయం, ఎన్నో వచనం అన్నది చెప్పాకే చదువుతారు. మేం ఇంటికెళ్లి పిల్లల చేత చదివించి చూసుకుంటాం. నీ కాగితానికి అవేవి? ఎవరి తోటలో కొట్టి చూశాడంట?"

తిరగేశాను. అడుగున మందుల కొట్టు పేరు తప్ప ఇంకేమీ లేదు.

"అమ్ముకునేవాడు బాలేదంటాడా? ముందు ఒక్క సాలుకి కొట్టి చూడండయ్యా," అంది నాన్నతో.

నాన్న విసుక్కుంటూనే విన్నాడు. మూడో రోజుకి ఆ సాలు మాడిపోయింది. మిగతా తోట మాకు దక్కింది.

క్లాసులో మాత్రం ఆ మాటలన్నీ మా తాతయ్యవని చెప్పేవాణ్ణి. చదువురాని కూలిమనిషి దగ్గర నేర్చుకున్నానని చెప్పడానికి నామోషీ. పోయినేడు ఒక విద్యార్థిని లేచింది. "ప్రతి మాటకీ మూలం రాయమంటారు కదండీ సార్, మరి మీ తాతగారి కథకి మూలం ఏంటండీ?"

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అక్కడే నిజం చెప్పేశాను.

ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు, చెబితే వాళ్లకేం లాభం అన్నవి రాయనిదే ఇప్పుడు నేను ఏ వ్యాసమూ దిద్దను. లైబ్రేరియన్ గారు నా క్లాసుకే వచ్చి వెతకడం నేర్పుతున్నారు. పిల్లలు ఫోనులో వచ్చిన వార్తని కూడా ఇట్టే నమ్మడం మానేశారు. ఈ పద్ధతి నిలుస్తుందని నాకు గట్టి నమ్మకం.

పాఠం మొదటి పేజీలో, పుస్తకాల జాబితాకి పైన మూలం అని రాసి, ఆమె పేరు రాయబోయి ఆగిపోయాను. నాకు తెలియదు. ఊరెళ్లి ఆమె కొడుకుని అడిగి తెలుసుకున్నాను. ఆ పేరు ఇప్పుడు అన్ని పుస్తకాల పేర్లకన్నా పైన ఉంది.