బండి నేలకు దిగేదాకా

రైల్వే గేటు అవతల షెడ్డులో బండ్ల కింద బరువు మోసే కమాన్లు మార్చే మెకానిక్‌ని ఊళ్లో అందరూ వెనకాల "వదులు నట్లాయన" అంటారు. కొత్త సామానంతా వేసి, నట్లు మాత్రం కావాలనే వదులుగా వదిలేస్తాడట. నెల తిరక్కుండా బండి కుంటుకుంటూ మళ్లీ ఆయన గుమ్మమే తొక్కాలని ఎత్తట.

"విన్నమాట కాదు చెల్లెమ్మా, నా బండి నట్టు ఈ వేళ్లతో తిప్పితే గిర్రున తిరిగింది," అని ఆయిల్ కొట్టతను వేళ్లు ఆడించి మరీ చూపించాడు.

ఆ మాట అద్దాలమ్మాయి మనసులో ముల్లులా దిగింది. ఆమె పాత పికప్ బండిలో నిలువుటద్దాలు, కిటికీ అద్దాలు ఇళ్లకు చేరవేస్తుంది. కొన్నాళ్లుగా బండి వెనక ఎడమవైపుకు ఒరుగుతోంది. చిన్న గుంటకే వెన్ను విరిగినట్టు దడేల్మంటోంది. మొన్న ఒక నిలువుటద్దం మూల నుంచి మూలకు చీలింది. "ఇంకొక్కటి పగిలిందా, నేను వేరే బండి చూసుకుంటాను," అని అద్దాల షాపాయన మొహం మీదే చెప్పేశాడు. ఎల్లుండి పొద్దున్నే కొత్త హోటలుకు పద్నాలుగు అద్దాలు వెళ్లాలి. మిగతా షెడ్లవాళ్లు వారం ఆగమన్నారు. ఇక మిగిలింది ఆయనే.

"కళ్లలో వత్తులేసుకుని కూర్చో," అంది వాళ్లమ్మ. చెప్పాలా! అద్దాలమ్మాయి సంచిలో అన్నం డబ్బా పక్కన ఒక పానా కూడా పెట్టుకుని బయల్దేరింది.

మెకానిక్‌కి అరవై దాటి ఉంటాయి. మనిషి ఎండిన కర్రలా ఉన్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు, వెనక భాగాన్ని రెండు చేతులతో కిందికి నొక్కి వదిలాడు, తలూపాడు. అంతే, ఒక్క మాట లేదు. మాటలన్నీ షెడ్డు వెనక గదిలో కాపురముండే వాళ్లావిడవే.

"సోడా కొట్లో ఫ్యానుంది, పోయి కూర్చోవే అమ్మాయ్. ఇక్కడ మసీ, దుమ్మూ."

"పర్లేదు పిన్నీ, నాకిక్కడే బాగుంది."

'నన్ను పంపించాలని ఎంత తొందరో,' అనుకుని స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

ఆయన ముందు చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డం పెట్టాడు. జాకీతో వెనక భాగం లేపి, ఇనప స్టాండ్ల మీద ఆనించాడు. తుప్పు పట్టిన బోల్టులకు నూనె పోసి, సుత్తితో దెబ్బ మీద దెబ్బ వేసి, వెనక బరువంతా మోసే ఇనప పట్టీల కమాను కట్టలు రెండూ ఊడదీశాడు. ఎడమ కట్టలో మూడో పట్టీ రెండు ముక్కలై ఉంది. కట్ట చివర్లలో ఉండే రబ్బరు బుష్‌లు నలిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేశాయి. వాటిని పాత రేకు డబ్బాలో వేశాడు. 'దాచుకుంటున్నాడు,' అనుకుందామె.

కొత్త కట్టలు ఎక్కించి, మధ్యలో వంపు బోల్టులు గట్టిగా బిగించాడు. రెండు చివర్లా మాత్రం బోల్టులు దూర్చి, నట్లు చేత్తో నాలుగు చుట్లు తిప్పి ఆగిపోయాడు. లేచి చేతులు కడుక్కుని అన్నానికి లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె చటుక్కున కింద దూరి వేలితో తిప్పి చూసింది. గిర్రున తిరిగింది.

"దొరికావు బాబాయ్," అంది పళ్లు బిగించి.

ఆయన వదిలేసి వెళ్లిన పానాతో బోల్టు తల అదిమిపెట్టి, తన పానాతో నట్టు పట్టి, కాలు చట్రానికి తన్నిపెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పోసి నాలుగు చివర్లూ బిగించేసింది. వచ్చి ఏమీ ఎరగనట్టు స్టూలెక్కింది. మోచేతుల మసి సంగతే మర్చిపోయింది.

ఆయన తిరిగొచ్చి నట్టు మీద వేలు పెట్టాడు. ఆమె మోచేతులు చూశాడు. పానా తీసి నాలుగూ మళ్లీ వదులు చేశాడు.

"ఏంటిది బాబాయ్! నా కళ్లముందే వదులు చేస్తారా? ఊరంతా చెప్తున్నది నిజమేనన్నమాట!"

ఆయన పెదాలు కదిలాయి. "బ... బ..." అని మాట అక్కడే చిక్కుకుంది. మెడ నరాలు ఉబ్బాయి. వాళ్లావిడ చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చింది.

"ఆయనకి నత్తే తల్లీ! ఎవరైనా గొంతు పెంచితే అసలు మాటే పెగలదు. ఊరు ఏమన్నా పడుంటాడు. ఏవండీ, నోటితో ఎందుకు, చూపించండి!"

ఆయన రేకు డబ్బాలోంచి ఆమె బండి పాత బుష్ తీసి అరచేతిలో పెట్టాడు. రబ్బరు తడిగుడ్డ పిండినట్టు మెలితిరిగి చిరిగిపోయి ఉంది. వాళ్లావిడ విడమరిచి చెప్పింది: బండి స్టాండ్ల మీద ఉండగా బిగిస్తే రబ్బరు ఆ వంపులోనే పట్టుకుపోతుంది. దించగానే కట్ట సాగి, రబ్బరు మెలిపడుతుంది. పోయినసారి వేరే షెడ్డులో కమాన్లు మార్పించినప్పుడు జరిగిందదే. ఇవాళ తను చేసిందీ అదే.

అయినా ఆమె అనుమానం అంత తేలిగ్గా చావలేదు. బండి దిగి నాలుగు చక్రాల మీదా నిలబడ్డాక, ఆయన కింద దూరి బిగించిన ప్రతి నట్టునూ ఆయన వెనకాలే పాక్కుంటూ వేలితో తిప్పి చూసింది. ఒక్కటీ కదల్లేదు. అనుకున్న రోజు పొద్దున్నే పద్నాలుగు అద్దాలు పద్నాలుగుగానే హోటల్లో దిగాయి.

తిరిగొస్తూ ఆయిల్ కొట్టు దగ్గర బండి ఆపింది.

"అన్నా, ఆ రోజు నట్టు తిరిగినప్పుడు నీ బండి ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది? స్టాండ్ల మీదే. నాలుగు తిట్టి, నేనే బిగించుకుని, దింపించుకుని వచ్చేశా. నాతోనా ఆటలు!"

"నెల్లో మళ్లీ బుష్‌లు పోయాయా?"

"పోకేం? చెప్పా కదా, అదే ఆయన ఎత్తు!"

బండి నేలకు దిగాక మళ్లీ కింద దూరి ఆ నట్లు బిగించేది ఆ మెకానిక్కే. ఆయిల్ కొట్టతను అప్పటిదాకా ఆగలేదు.